వెనకింటి రాట్నం

నాది ఆదోని. మా నాయన మగ్గం మానుకుని జిన్నింగు ఫ్యాక్టరీలో బేళ్ళు కట్టే పనికి పోయేవాడు కాబట్టి పత్తి దుమ్ములో పెరిగాను. పెళ్ళయ్యాక ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధికి వచ్చి నూలు దుమ్ములో పడ్డాను. దుమ్ము మారింది గానీ దగ్గు మారలేదని పుట్టింటికి పోయినప్పుడల్లా నవ్వేదాన్ని.

నేను కాపురానికి వచ్చేనాటికే మా అత్త కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. పెళ్ళిచూపుల్లో నా చేయి పట్టుకుని ఒక్కో వేలూ తడిమి చూసి, "ఈ పిల్ల నూలుకు పనికొస్తాదిలే" అంది. అందం సంగతి ఎత్తలేదు కాబట్టి నాకూ మేలే జరిగింది. ఆమె నా ముఖం సరిగా ఎప్పుడూ చూడలేదు. మా పాప పుట్టేసరికి ఆమెకు పగలూ రాత్రీ తేడా తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

మా ఇంటికి ముందు అరుగు, నడిమింట్లో గుంత మగ్గం, వెనక వంటా సామానూ ఉండే చిన్న గది. ఆ గదిని వెనకిల్లు అనేవాళ్ళం. మగ్గం మీద నాడె అటూ ఇటూ పరుగెత్తాలంటే దాని కడుపులో నూలు చుట్టిన కండె ఉండాలి. ఆ కండెలు చుట్టే రాట్నం వెనకింట్లో ఉండేది. దాని ముందు కూర్చునేది మా అత్త. చూపు లేకపోయినా ఆమె వేళ్ళ మధ్యనుంచి నూలు సాఫీగా జారేది. తెగితే తడిమి కొసలు పట్టుకుని, ఎంగిలితో తడిపి మెలిపెట్టేది. నేను వంటా, పాపా, నీళ్ళూ చూసుకుని వచ్చేలోగా మా ఆయనకు ఆ పూటకు కావలసిన కండెలు గంపలో ఉండేవి.

రంగు నూలు కట్ట, చిలప అంటాం, కొత్తది చేతికి ఇవ్వగానే "ఏం రంగే?" అని అడిగేది. ఏ రంగైతే ఆమెకేమని నాకు విసుగు. ఎరుపు అనో నీలమనో విసురుగా చెబితే, "అట్లా" అని ఆ చిలపను ఓసారి చెంపకు ఆనించుకుని అప్పుడు చుట్టడం మొదలుపెట్టేది.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. కండెలు చుట్టడం ఆడవాళ్ళూ పిల్లలూ చేసే పనే, అందులో నామోషీ లేదు. కానీ కోడలు ఇంట్లోకి వచ్చాక కూడా తల్లి రాట్నం ముందు కూర్చుందంటే ఆ కొడుకు పరువు గంగలో కలిసినట్టే. ముసలిదానికి ముద్ద పెట్టి పని పిండుకుంటున్నాడని నలుగురూ నోళ్ళు నొక్కుకుంటారు. తల్లిని కూర్చోబెట్టి సాకుతున్నానని చెప్పుకోవడమే మగవాడికి మర్యాద. అలా చెప్పుకునే ఇళ్ళు సగానికి పైగా వెనకింట్లో రాట్నం తిరిగితేనే గడిచేవి. ఇది అందరికీ తెలుసు, అందరూ తెలియనట్టే ఉండేవాళ్ళు. నందవరం నుంచో కోడుమూరు నుంచో చుట్టాలు వస్తున్నారంటే రాట్నం మీద పాత కంబళి కప్పి, అత్తకు ఉతికిన చీర కట్టించి అరుగు మీద కూర్చోబెట్టేవాళ్ళం. కొలువులో బొమ్మలా ఆమె అక్కడ కూర్చుని, "నాకేమప్పా, నా కొడుకు రాజాగా చూసుకుంటాండాడు" అని చెప్పేది. చుట్టాలు బస్సెక్కగానే లేచి గోడ పట్టుకుని వెనకింట్లోకి నడిచేది.

డెబ్బైల చివర్లో, దసరా సెలవుల్లో, మా ఊరి బడిలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. రిక్షాకు మైకు కట్టి వీధివీధీ తిరిగి చెప్పారు. డాక్టర్లు బయటి ఊరినుంచి వచ్చారు. ఏర్పాట్లు చూసింది ఊళ్ళోని కొందరు కుర్రాళ్ళూ వ్యాపారస్తులూ. పిల్లలు కూర్చునే బెంచీలు రెండేసి కలిపి మంచాలు చేశారు. పల్లెలనుంచి ఎడ్లబండ్ల మీద వచ్చిన ముసలివాళ్ళతో బడి ఆవరణ నిండిపోయింది. అంతమందిని ఒకచోట చూసినప్పుడు గానీ, మా సీమలో ఇంత చీకటి ఉందని నాకు తెలియలేదు.

డాక్టరు మొదట టార్చిలైటుతో పరీక్ష చేసేవాడు. ఒక కన్ను మూసి, రెండో కంటికి పక్కనుంచీ పైనుంచీ వెలుగు కొట్టి, ఎటునుంచి వస్తోందో చూపించమనేవాడు. వెలుగు జాడ తెలిస్తే లోపల కన్ను బతికే ఉన్నట్టు, పొర తీస్తే చూపు వస్తుంది. మా అత్త ప్రతిసారీ ఠక్కున చేయి చాపి సరిగ్గా చూపించింది. డాక్టరు భుజం తట్టి, "బ్రహ్మాండం అవ్వా, నీకు చూపొస్తుంది" అన్నాడు. ఆమె నోరు తెరిచి నవ్వింది. ఆ నవ్వు అంతకుముందు నేను చూడలేదు.

కానీ డాక్టరు సరే అన్నవాళ్ళందరికీ ఆపరేషన్ లేదు. మందులూ, కుట్టే దారం, పడుకోబెట్టే చోటూ అన్నీ కొద్దిగానే ఉన్నాయి. వచ్చిన జనం మాత్రం చాలా ఎక్కువ. అందుకని ఇంకో బల్ల దగ్గర ఒక యువకుడు కూర్చుని ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో తేల్చేవాడు. వాళ్ళు పెట్టుకున్న నియమం ఏమిటంటే, రెండు కళ్ళూ పోయినవాళ్ళలో ఇంకా పని చేసుకుని బతికేవాళ్ళకు మొదటి చోటు. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, తర్వాత తెలిసింది. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. ముఖం పీక్కుపోయి, గొంతు బొంగురుపోయి ఉన్నాడు. ఎవరిని వెనక్కి పంపినా వాళ్ళ వైపు చూడకుండా పంపుతున్నాడు.

"అవ్వ ఏం పని చేస్తుందన్నా?" అని అడిగాడు మా ఆయన్ని.

చుట్టూ మా వీధివాళ్ళే ఉన్నారు. మా ఆయన రొమ్ము విరుచుకున్నాడు. "మా అమ్మకు పనేంది సార్! కూసోబెట్టి సాకుతాండాం. ఈడ పుల్ల తీసి ఆడ పెట్టనీం."

"మంచిదన్నా, అందరూ ఇట్ల చూసుకుంటే ఎంత బాగుండు. అయితే అవ్వకు మళ్ళీసారి చూద్దాం" అన్నాడు ఆ అబ్బాయి, తల దించుకుని.

మొదటి మాటకు మా ఆయన మురిసిపోయాడు. రెండో మాట బుర్రకెక్కడానికి కొంచెం సేపు పట్టింది.

మా ఆయన వెనక నిలబడింది పక్కింటి సాయిబు తాత. పరుపులు కుట్టేవాడు. కళ్ళు కనపడక సూది మానేసి ఏళ్ళయింది. కూతురి ఇంట్లో తిని అరుగు మీద కూర్చునేవాడు. ఆయన్ని అదే ప్రశ్న అడిగితే, "కుడతాండా సార్! మీకు పెండ్లి కాలేదు గదా, మీ పెండ్లికి పరుపు నేనే కుడతా" అన్నాడు పెద్ద గొంతుతో. ఆ అబ్బాయి ఆ రోజుకు మొదటిసారి నవ్వి, ఆయన్ని లోపలికి పంపాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆడవాళ్ళ వరస వదిలి బల్ల దగ్గరికి పోయి అరిచాను. "మా అత్త కూడా పని చేస్తాంది సార్! పొద్దస్తమానం రాట్నం ముందరే. ఆమె కండె సుట్టకపోతే మా మగ్గమే ఆడదు!"

వరసలో ఉన్న మా వీధివాళ్ళంతా ఇటు తిరిగారు. మా ఆయన నన్ను చూసిన చూపుకు ఇంకొకతె అయితే అక్కడే మాడిపోయేది. ఆ గోలకు డాక్టరు లేచి వచ్చాడు. మంచివాడు, వంగి మా అత్త చేయి పట్టుకుని అడిగాడు. "అవ్వా, నువ్వు చెప్పు. పని చేస్తావా? చూపొస్తే ఏం చేస్తావు?"

ఆమె ముఖం ఒకసారి కొడుకు గొంతు వినిపించిన వైపు తిరిగింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "పనేం లేదప్పా. కూసుంటా, తింటా. నా కొడుకు బాగా చూసుకుంటాడు. ఇది నా కోడలు, ఉత్త పిచ్చిది, దీని మాట ఇనొద్దు."

అంతే. ఆమె చోటు ఇంకొకరికి పోయింది. సాయిబు తాతకే అనుకోవచ్చు, పెద్దకడుబూరు పల్లెలనుంచి వచ్చిన ఏ కూలీకో అనుకోవచ్చు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. పొలంలో గుంటక తోలేవాడికీ, వేరుశనగ ఒలిచేదానికీ చూపు రావద్దని ఎవరంటారు? ఉన్నది పిడికెడైనప్పుడు ఎవరికో ఒకరికి పెట్టాలి, నిజమే. కానీ ఆకలి చూసి పెడతారు గానీ, తిని ఏం చేస్తావని అడిగి పెడతారా? నిజంగానే ఏ పనీ చేయని ముసలిది అయితే ఆమెకు కళ్ళు అక్కర్లేదా? ఈ ప్రశ్నకు ఇన్నేళ్ళయినా నాకు జవాబు దొరకలేదు, కోపం మాత్రం తగ్గలేదు.

ఇంటికి వస్తూ దారి పొడుగునా మా ఆయన్ని దులిపేశాను. "కన్ను పోయేంత కాటుక ఎవురన్నా పెడతారా? నీ మర్యాద పాడుగాను!" అత్తే నా మోచేయి గట్టిగా పట్టుకుని, "ఊరుకో మే. నలుగుర్లో వాని తల దించమంటావా? పెంచినదాన్ని నేను" అంది. ఇంట్లో అడుగుపెట్టి నేరుగా వెనకింట్లోకి పోయింది. "చిలప ఇయ్యి. ఏం రంగే?" అని అడిగింది.

మరునాడు తెల్లవారుజామున ఎప్పటిలాగే ఆమెను ఊరి బయట కంపచెట్ల వైపు తీసుకుపోయాను. ఆమె ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో నా మోచేయి. చలికాలమైనా, నాకు జ్వరమొచ్చినా, నేను నిండు చూలాలిగా ఉన్నా ఆ నడక తప్పేది కాదు. తిరిగి వస్తుంటే ఉన్నట్టుండి అంది. "ఆ డాక్టరు నిన్న అడిగినాడు సూడు, కండ్లొస్తే ఏం జేస్తావని. చెంబెత్తుకోని ఒక్కదాన్నే పోయొస్తానని చెప్దామనుకుంటి. సిగ్గయింది."

నాకు ఏడుపొచ్చింది. ఆమె చూడలేదు కాబట్టి దాచుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

సాయిబు తాతకు చూపు వచ్చింది. సోడాబుడ్డి అద్దాలు ఇచ్చారు. వాటిలోనుంచి చూస్తే ఆయన కళ్ళు రేగుపళ్ళంత కనిపించేవి. ఒకరోజు ఆ అద్దాలు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. "పెట్టుకోని సూడక్కా, ఏమన్నా కనపడ్తాదేమో" అని మా అత్త ముక్కు మీద తానే పెట్టాడు. ఆమె తల అటూ ఇటూ తిప్పి, "సీకటి ఇంకా పెద్దదైంది తమ్ముడా, అంతే" అంది. ఇద్దరూ నవ్వారు. పోతూ పోతూ గుమ్మం దగ్గర నాతో అన్నాడు, "మీ అత్త కన్ను నేను పెట్టుకోని తిరుగుతాండా తల్లీ." ఆయన నిజంగానే మళ్ళీ సూది పట్టాడు. ముతక కుట్టే గానీ, కుట్టాడు. అబద్ధమాడి తెచ్చుకున్న చూపుకు అలా బదులు తీర్చాలనుకున్నాడేమో.

కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోదామని నేను పోరుతూనే ఉన్నాను. ఆపరేషన్ అయితే మనిషి అక్కడే పడి ఉండాలి, తోడుగా ఇంకొకరు ఉండాలి. మగ్గం ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. మా ఆయన ఈ బట్ట దిగనీ అనేవాడు, అది దిగితే ఇంకో బట్ట ఎక్కేది. అత్తేమో, "మగ్గం ఆపుకోని నా కండ్ల ఎంట తిరుగుతారా? మళ్ళీసారి చూద్దామన్నాడు గదా ఆ పిల్లోడు" అనేది. ఆ మాటను ఆమె నమ్ముకుంది.

మధ్యలో ఆమెకు విపరీతమైన తలనొప్పులు వచ్చాయి. కన్ను ఎర్రబడేది, వాంతులయ్యేవి. పైత్యమనుకుని శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేశాం. ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోతే సూది వేసి పంపాడు. కొన్నాళ్ళకు నొప్పి తగ్గింది. తగ్గినందుకు సంతోషించాం. అంతకుమించి మాకు తెలియదు.

ఎనభైల మొదట్లో ఆదోనిలో క్యాంపు పెడుతున్నారన్న కబురు తెచ్చింది సాయిబు తాతే. ఊరవతల పత్తి గోడౌను ఒకటి ఖాళీ చేసి ఇచ్చారట. మా ఆయన ఆ రోజు మగ్గం దిగాడు, బట్ట సగంలో ఉండగానే. ముగ్గురం బస్సెక్కాం. దారిలో ఆయన నా వైపు చూడకుండా అన్నాడు. "ఈసారి నువ్వేం అరవొద్దు. నేనే చెప్తా. మా అమ్మ పని చేస్తాదని, ఆమె కండె లేకుంటే నా మగ్గం నడవదని నేనే చెప్తా." ఆ మాటలు లోలోపల అనుకుంటూ పెదవులు కదుపుతూనే ఉన్నాడు, ఆదోని వచ్చేదాకా.

ఆ క్యాంపులో ఏం పని చేస్తారని ఎవరూ అడగలేదు. వరసలో వచ్చినవాళ్ళను వచ్చినట్టే చూస్తున్నారు. డాక్టరమ్మ మా అత్తను స్టూలు మీద కూర్చోబెట్టి, రెప్పల మీద వేలితో నొక్కి చూసి, ముఖం చిట్లించింది. టార్చి తీసింది.

"వెలుగు ఎటునుంచి వస్తోందవ్వా?"

మా అత్త కుడివైపు చూపించింది. వెలుగు ఎడమవైపు ఉంది. మళ్ళీ అడిగింది డాక్టరమ్మ. అత్త ఈసారి పైకి చూపించింది. మూడోసారి డాక్టరమ్మ టార్చి ఆర్పేసి అడిగింది. మా అత్త బాగా ఆలోచించి, చేయి చాపి, "ఈడ తల్లీ, బాగా కనపడ్తాంది" అంది. నవ్వింది కూడా. ఆ నవ్వు చూడలేక నేను గోడౌను కప్పు వైపు చూశాను.

పొర ముదిరిపోయి లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందని, రెండో కన్ను కూడా అంతేనని, ఇప్పుడు పొర తీసినా లాభం లేదని డాక్టరమ్మ చెప్పింది. "తలనొప్పి వచ్చుంటుందే, అప్పుడైనా తీసుకురావద్దా? కొన్నేళ్ళ ముందు వచ్చి ఉంటే హాయిగా చూసేది కదా. ఎందుకు తీసుకురాలేదు?" అని మా ఆయన్ని నిలదీసింది.

మా ఆయన నోరు తెరిచాడు. బస్సులో వల్లె వేసుకున్న మాటలేవీ ఈ ప్రశ్నకు జవాబు కావు.

అంతలో అత్తే అందుకుంది. "వానికేం తెల్సు తల్లీ. నేనే రానంటి. కత్తంటే బయమయి. బిడ్డలు కాళ్ళు పట్టుకోని బతిమిలాడినా నేనే రాలే."

"ఈ ముసలివాళ్ళతో ఇదే బాధ. మూర్ఖంగా ఉండి ఉన్న కళ్ళు పోగొట్టుకుంటారు" అని డాక్టరమ్మ విసుక్కుంది. ఆమె తప్పేమీ లేదు. ఎంతమందిని అలా వెనక్కి పంపి ఉంటుందో. మా అత్త ఆ తిట్లన్నీ తల వంచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. మా ఆయన గోడౌను బయటికి పోయి పత్తి కాటా పక్కన కూలబడ్డాడు.

అప్పుడు మాత్రం ఆయన్ని ఒక్క మాట కూడా అనలేకపోయాను.

ఇంటికి వచ్చాక అత్త వెనకింట్లోకి పోలేదు. చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. రాట్నం ముందు నేనే కూర్చున్నాను. వంటకూ రాట్నానికీ మధ్య పరుగెత్తలేక నా కండెలు చాలేవి కాదు, మగ్గం ఆగి ఆగి నడిచింది. రంగు అడిగే మనిషి లేక ఆ గదిలో నాకే తోచేది కాదు. అన్నం పెడితే తినేది, చెంబు చేతికిస్తే నా మోచేయి పట్టుకుని నడిచేది. ఇన్నాళ్ళూ ఊళ్ళో చెప్పుకున్నట్టుగా ఇప్పుడు నిజంగానే ఏ పనీ చేయకుండా కూర్చుంది.

ఒక ఉదయం మా ఆయన మగ్గం గుంతలోనుంచి లేచి వెనకింట్లోకి వచ్చాడు. ఏమీ చెప్పకుండా నన్ను పక్కకు జరగమని రాట్నం ఎత్తుకున్నాడు. నడిమిల్లు దాటి, గుమ్మం దాటి, తీసుకుపోయి వీధి అరుగు మీద పెట్టాడు. తల్లి చేయి పట్టుకుని నడిపించుకొచ్చి దాని ముందు కూర్చోబెట్టాడు. ఆమె చేతులు చాపి తడిమింది. వీధిలో మనుషుల అలికిడి విని బెదిరిపోయింది.

"ఈడేంటికి పెట్టినావురా? జనం సూడరా?"

"సూడనీమ్మా."

సాయిబు తాత తన అరుగు మీద పరుపు కుడుతూ తలెత్తి చూశాడు. ఎదురింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. మా ఆయన వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. "మా అమ్మ పని చేస్తాంది, తాతా. మొదట్నుంచీ చేస్తాంది. ఆమె కండె లేకుంటే నా మగ్గం నడవదు" అన్నాడు. మాట వీధిలో అందరికీ వినపడింది. బడిలో ఆ బల్ల ముందు చెప్పాల్సిన మాట అది. ఇన్నేళ్ళు ఏ నోళ్ళకు భయపడ్డామో ఆ నోళ్ళు అంత తేలిగ్గా మూతబడ్డాయి.

అత్త కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ కళ్ళు ఇంక అందుకే పనికొస్తాయి. తర్వాత చీర చెంగుతో ముఖం తుడుచుకుని చేయి చాపింది. నేను చిలప అందించాను. చెంపకు ఆనించుకుంది.

"ఏం రంగురా?" అంది. నన్ను కాదు.

"నీలమమ్మా" అన్నాడు మా ఆయన. మగ్గంలోకి తిరిగి పోకుండా ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నాడు.